ఆపరేషన్ వెళ్ళిరా

డ్రైక్లీనింగ్ షాపులోకి వస్తూనే ముక్కోపి కోటు విప్పి కౌంటర్ మీద పడేశాడు.

“మూడో బొత్తాం ఊడింది,” అన్నాడు.

కౌంటర్ వెనక అమ్మాయి తల ఎత్తలేదు. “కాలర్ మీద మరక పడిందనాలి సార్. కోడ్ మారింది.”

“ఎప్పుడు?”

“నిన్న.”

“నాకెవరూ చెప్పలేదే.”

“కోడ్ తెలియనివాళ్ళకి కోడ్ చెప్పకూడదు సార్. రూలు.”

ఆ అమ్మాయికి ఆయన తెలుసు, ఆయన భార్య తెలుసు, వాళ్ళింట్లో భోంచేసి గిన్నెలో కూర అడుగంటా ఊడ్చింది కూడా. అయినా రూలు రూలే. ముక్కోపి పళ్ళు నూరుకుంటూ బయటికి నడిచి, తలుపు వేసి, తలుపు తీసి, మళ్ళీ లోపలికొచ్చాడు.

“కాలర్ మీద మరక పడింది.”

“ఏం మరక?”

“కాఫీ.”

“సిరా అనాలి సార్.”

ముక్కోపి మళ్ళీ బయటికి నడిచాడు.

సీక్రెట్ సర్వీస్‌లో ఆయనకా కోడ్‌నేమ్ పెట్టినవాడు చీఫ్. ఆ కోపం ముక్కుమీద ఎలా కూర్చుంటుందో చీఫ్‌కి తెలిసినంత దగ్గరగా ఇంకెవరికీ తెలియదు. చీఫ్ చెల్లెలే ముక్కోపి భార్య మరి. అందుకే దేశభద్రత గురించి ఎంత భయంకరమైన విషయం మాట్లాడుకున్నా ఇద్దరూ ఒకరినొకరు బావగారూ అనే పిలుచుకుంటారు. ఉద్యోగానికైతే రాజీనామా చెయ్యొచ్చు గానీ బావగారికి రాజీనామా ఇచ్చే వీలు ఏ చట్టంలోనూ లేదు.

ఆ రోజు పొద్దున్నుంచే ముక్కోపికి ఏదీ కలిసి రాలేదు. ఇంట్లోంచి బయల్దేరుతూ అలవాటు ప్రకారం “పోతున్నా” అన్నాడు. భార్య అలవాటు ప్రకారం “వెళ్ళొస్తాననండి” అంది. పెళ్ళయినప్పట్నుంచీ ఈ రెండు మాటలూ గుమ్మం దగ్గర ఢీకొంటూనే ఉన్నాయి. మామూలుగా అక్కడితో ఆగిపోయేది. ఇవాళ మాత్రం ఈయన ఊరుకోలేక, “నా ఉద్యోగంలో వస్తానో రానో నాకేం తెలుసు, తెలియని మాట ఎందుకనాలి?” అన్నాడు. ఆవిడ లోపలికెళ్ళి బ్యాగు సర్దుకోవడం మొదలుపెట్టింది.

షాపు వెనక వేలాడే కోట్ల వరసలు దాటితే ఇనుప తలుపు. దాని వెనక, దేశ రహస్యాలన్నీ దాచిన ఇరుకు గదిలో, చీఫ్ అరిగిన కుర్చీలో కూర్చుని ఉన్నాడు.

“కూర్చోండి బావగారూ. పొద్దున మన కొరియర్‌ని బార్బర్ షాపులో కుర్చీలోనే కాల్చేశారు. సైలెన్సర్. పోయేముందు బార్బర్ చెవిలో మూడు ముక్కలన్నాడు. ఇవాళ మధ్యాహ్నం. లెక్కలమ్మ. రైళ్ళు.”

“లెక్కలమ్మ ఎవరు?”

చీఫ్ ఒక ఫోటో ముందుకు తోశాడు. బీరువాలంత మిషన్ పక్కన సన్నగా ఒకావిడ. దళసరి కళ్ళద్దాలు. ఫోటో తీసేవాడు ఎప్పుడు వదుల్తాడా, ఎప్పుడు పనిలో పడదామా అన్నట్టుంది ముఖం.

“ఈ దేశంలో మొట్టమొదటి కంప్యూటర్‌కి మాటలు నేర్పినావిడ. మన భాషలోనే నేర్పింది. కలుపు, తీసెయ్, పక్కన పెట్టు, అలాగ. పోయి చాలా ఏళ్ళయింది. ఇవాళ మ్యూజియంలో సంస్మరణ సభ. మన రైల్వే సిగ్నళ్ళు ఇప్పటికీ ఆవిడ రాసిన ప్రోగ్రామ్ మీదే నడుస్తున్నాయి బావగారూ. పైన ఎన్ని హంగులు తగిలించినా అడుగున ఉన్నది ఆవిడ రాతే. సభలో పాత మిషన్‌ని ఆన్ చేసి, కాసేపు సిగ్నల్ లైను దాని చేతికిస్తారట. మంత్రిగారి సరదా.”

“ట్రయాంగిల్ పనా?”

“వాళ్ళ పనే. నిఘంటువు స్వయంగా వస్తున్నాడు.”

ట్రయాంగిల్ విదేశీ ముఠా. పైకి పెద్ద సిగ్నల్ పరికరాల కంపెనీ. దాని ఆపరేషన్స్ చూసేవాణ్ణి డిపార్ట్‌మెంట్‌లో నిఘంటువు అంటారు. వాడు మన భాషని పుస్తకాల్లోంచి నేర్చుకున్నాడు, ఇప్పటికీ పుస్తకంలోంచే మాట్లాడతాడు.

“మిషన్‌కి వాళ్ళ టేప్ ఎక్కిస్తారు. దేశంలో సిగ్నళ్ళన్నీ ఒకేసారి పచ్చబడతాయి, అలాగే ఉండిపోతాయి. ఎదురెదురు బళ్ళు గుద్దుకుంటాయి. నింద ఎవరి మీద పడుతుంది? ఎప్పుడో ఒక ఆడమనిషి రాసిన పాత ప్రోగ్రామ్ మీద. మర్నాడు వీళ్ళు కొత్త సిస్టమ్ క్యాటలాగు చేత్తో పట్టుకుని పరామర్శకి వస్తారు. ప్లాను రెండు నెలల కిందటే తెలుసు. తేదీ ఇవాళ తెలిసింది.”

“సభ ఆపించండి.”

“మంత్రిగారు ఉపన్యాసం బట్టీ పట్టేశారట.”

“పోనీ రైళ్ళు ఆపించండి.”

“అడిగాను. కారణం చెప్పమన్నారు. కారణం టాప్ సీక్రెట్.”

ముక్కోపి రెండు చేతులతోనూ తల పట్టుకున్నాడు. ప్రాణాలు తీసేవాళ్ళకి ఒక్క టేప్ చాలు, కాపాడేవాళ్ళకి మాత్రం పదిమంది అనుమతి కావాలి.

“టేప్ రాసిందెవరు?” అని అడిగాడు.

చీఫ్ ఫోటోని ఫైల్లో పెట్టబోయి తడబడ్డాడు. ఆ తడబాటుతోనే ముక్కోపికి సగం అర్థమైంది.

“నెమలి,” అన్నాడు చీఫ్ చివరికి. “లెక్కలమ్మ భాష ముఠాలో ఇంకెవరికీ రాదు. రెండు నెలల్నుంచి మనకి రిపోర్టు లేదు. అటు మారిపోయిందనే అనుకోవాలి.”

నెమలి ఆయన చేతికింద పని నేర్చుకున్న పిల్ల. అందం, దాన్ని మించిన తెలివి, రెండింటినీ మించిన పొగరు. ముఠాలో చేరిపొమ్మని పంపింది కూడా ఆయనే. ఆయన నేర్పిన మొదటి పాఠం ఒకటే: గూఢచారి ‘వెళ్ళొస్తా’ అనకూడదు, రావడం మన చేతిలో లేదు, చెయ్యలేని వాగ్దానం చెయ్యొద్దు. ఆ పిల్ల అక్షరాలా పాటించింది. ఎక్కడికి బయల్దేరినా “పోతున్నా గురువుగారూ” అనే అనేది.

“మీ పని తేలిక,” అన్నాడు చీఫ్. “మైకు మెకానిక్ వేషం. టేప్ తిరగడం మొదలవగానే మిషన్ వెనక నల్ల కేబుల్ లాగెయ్యండి. ముందే లాగితే నిఘంటువు తప్పించుకుంటాడు, ఇంకో రోజు ఇంకో దారి చూసుకుంటాడు. ఇంకో మాట. చెల్లాయి పెద్దక్క ఊరికి బండెక్కింది. స్టేషన్ నుంచి ఫోన్ చేసి మీ మీద చాలా చెప్పింది.”

“ఏ బండి?”

“మధ్యాహ్నం దారిలోనే ఉండే బండి.”

గోరుచుట్టు మీద రోకటిపోటు అంటే ఇదే కాబోలనుకున్నాడు ముక్కోపి.

బయటికొచ్చేముందు పరికరాల సెక్షన్‌లో ఆయనకొక కళ్ళజోడు ఇచ్చారు. ఫ్రేములో కెమెరా, కాడలో రేడియో. పెట్టుకుని చూస్తే గోడమీద క్యాలెండరు కూడా మసగ్గా కనబడింది.

“ఇందులో నా పవర్ లేదయ్యా.”

“ఇది నిఘా కళ్ళజోడు సార్. చూడ్డానికి కాదు.”

“నాది నాకివ్వు, జేబులో వేసుకుంటాను.”

“మీది ఇక్కడ డిపాజిట్ చెయ్యాలి సార్. రూలు.”

మ్యూజియం హాలు నిండిపోయింది. వేదిక పక్కన పాత మిషన్, బారుగా బీరువాలు నిలబెట్టినట్టు. దాని ముందు టెలిప్రింటర్. వెనక గోడమీద దేశం మొత్తం రైలు పటం, దానిమీద ఎర్రవీ పచ్చవీ చిన్న బల్బులు. వేదికమీద నిలువెత్తు పటం పెట్టి దండ వేశారు. అది లెక్కలమ్మది కాదు, ఆవిడ పనిచేసిన సంస్థకి అప్పటి డైరెక్టర్‌గారిది. ఆయన మిషన్‌ని ముట్టుకుంటే షాకు కొడుతుందని భయపడేవాడట. లెక్కలమ్మ ఫోటో ఆ పటం కింద, పుస్తకమంత. దాని కింద ఇత్తడి రేకుమీద ‘సహాయకురాలు’ అని చెక్కించారు. ఆవిడ సంస్మరణ సభలో ఆవిడే సహాయకురాలు. సొమ్మొకడిది, సోకొకడిది అని ఊరికే అన్నారా?

ముక్కోపి వైర్లు సవరిస్తున్నట్టు నటిస్తూ వరసల మధ్య వంగి నడిచాడు.

“ఆ కళ్ళజోడు మీది కాదు నాయనా,” అంది మూడో వరసలోంచి ఒక గొంతు.

నెరిసిన జుట్టు, నిటారుగా కూర్చున్న పెద్దావిడ. “నా వృత్తంతా కళ్ళ వైద్యమే. మీరు వైరుని చూడ్డం లేదు, తడుముతున్నారు. మీరు మైకు మనిషి కూడా కాదనుకుంటాను. నాకెందుకులెండి. లెక్కలమ్మ మా అక్క.”

ముక్కోపి ఆవిడ కుర్చీ పక్కనే మోకాళ్ళమీద కూర్చున్నాడు. “డాక్టరుగారూ, మిమ్మల్ని ముందు వరసలో ఎందుకు కూర్చోబెట్టలేదు?”

“ముందు వరస డైరెక్టర్‌గారి మనవలకిచ్చారు.”

“మీరు ఊరుకున్నారా?”

“కడుపు చించుకుంటే కాళ్ళమీద పడుతుంది. కూర్చున్నాను.”

“మీ అక్కగారు మిషన్‌కి ఏం నేర్పారండీ?” నిజంగానే తెలుసుకోవాలనిపించి అడిగాడు.

“అప్పట్లో దానికి ‘వెళ్ళు’ అని ఒకటే మాట తెలుసుట. ఫలానా చోటికి వెళ్ళు అంటే వెళ్ళేది. వెళితే అంతే, వెనక్కి రావడం తెలీదు. ఒకే చిన్న పని పదిచోట్ల కావాలంటే పదిసార్లు రాసుకోవాలి. రాసి రాసి అక్క విసిగిపోయింది. ఒకరోజు మా అమ్మ గుర్తొచ్చిందిట. ఇంట్లోంచి ఎవరు కదిలినా ‘వెళ్తాను’ అంటే ఊరుకునేది కాదు మా అమ్మ. ‘వెళ్ళొస్తాను’ అనిపించి గానీ గడప దాటనిచ్చేది కాదు. అక్క మిషన్‌కి అదే నేర్పింది. ‘వెళ్ళిరా’. ఎక్కణ్ణుంచి బయల్దేరావో గుర్తుపెట్టుకో, పని చూసుకో, తిరిగి అక్కడికే రా. వేరే దేశాల్లో వేరేవాళ్ళూ ఇలాంటిదే కనిపెట్టుకున్నారట, వాళ్ళ మాటల్లో. మనకి మాత్రం అక్క. మీ జేబులో ఫోను కూడా ఈ క్షణాన ఎన్నిసార్లు వెళ్ళొస్తోందో లెక్కలేదు.”

ముక్కోపికి పొద్దున గుమ్మం దగ్గర భార్య ముఖం కళ్ళముందు కదిలింది. “మిషన్ అలా వెళ్ళి ఉన్నప్పుడు ఎవరైనా లైను లాగేస్తే?”

“అక్క వాళ్ళ చెయ్యి విరగ్గొట్టేది. లైను తెగితే అవతల ఎలా ఉన్నది అలాగే ఉండిపోతుంది, తిరిగొచ్చే దారి ఉండదు. ‘వెళ్ళినవాళ్ళు వచ్చేదాకా తలుపు గడియ పెట్టకూడదు’ అని గదిలో గోడమీద రాసి పెట్టుకుంది. అది కూడా అమ్మ మాటే.”

ముక్కోపి లేచి మెల్లగా మిషన్ వెనక్కి నడిచాడు. టేప్‌లో ‘వెళ్ళు’ అని ఉంటే వెనక్కొచ్చే దారి ఎలాగూ లేదు, మిషన్ చేతిలోంచి లైను తప్పించడానికి కేబుల్ లాగి తీరాలి, లేకపోతే రైళ్ళు పోతాయి. ‘వెళ్ళిరా’ అని ఉంటే కేబుల్ ముట్టుకోకూడదు, ముట్టుకుంటే రైళ్ళు పోతాయి. ముందు నుయ్యి, వెనక గొయ్యి. చీఫ్ ఈ సంగతి చెప్పలేదు. ఆయనకి తెలిస్తేగా.

అప్పుడే హాలు తలలన్నీ ఒకవైపు తిరిగాయి. నెమలి వచ్చింది. నీలి సిల్కు, చెవులకి పొడుగాటి రాళ్ళు, నడకలో అదే పొగరు. చేతిలో చిల్లులు పొడిచిన కాగితపు టేప్ చుట్ట. ఆమెని అంటుకుని నిఘంటువు, మడిచిన ఓవర్‌కోటు ముంజేతిమీద వేసుకుని. ఆ కోటు కింది చెయ్యి నెమలి పక్కటెముకల దగ్గరే ఉంది.

“నమస్కారము,” అన్నాడు నిఘంటువు మంత్రిగారితో. “ఈ శుభసందర్భమున మా సంస్థ పక్షమున ఈ చిన్న కానుక. యంత్రము ఆ మహనీయురాలి నామమును ముద్రించును. మిక్కిలి సంతోషించుచున్నాను.”

మంత్రిగారు మురిసిపోయారు. నెమలి మిషన్ దగ్గరికొచ్చి టేప్ ఎక్కించడం మొదలుపెట్టింది. ముక్కోపి నల్ల కేబుల్ మీద చెయ్యేసి, మైకు వైరు చూస్తున్నట్టు పక్కనే కూర్చున్నాడు. ఆమె ఆయన్ని చూసింది. కనురెప్ప కూడా కదల్లేదు. మారిపోయిన మనిషి చూసినా అలాగే చూస్తుంది, మారనిది చూసినా అలాగే చూస్తుంది, ఆయనే నేర్పాడు. తను నేర్పిన విద్య మీద తనకే ఒళ్ళుమండింది.

“ఏం టేప్ అమ్మా అది?” అన్నాడు.

ఆమె నోరు తెరవకముందే నిఘంటువు అందుకున్నాడు. తన భాష వినిపించే అవకాశం వాడెప్పుడూ వదులుకోడు. “స్వల్ప విషయము. యంత్రమునకు ఒకచోటికి వెళ్ళుటకు ఆజ్ఞ. ప్రతి పదమును నేనే స్వయముగా నిఘంటువులో పరిశీలించితిని.”

మంత్రిగారు బటన్ నొక్కారు. మిషన్ లోపల వాల్వులు ఎర్రగా వెలిగాయి. టేప్ కదిలింది. చదివిన మాటని చదివినట్టు టెలిప్రింటర్ టకటకా కొట్టింది. ముక్కోపి మెడ సాచి చూశాడు. కాగితం మీద చీమలు పారుతున్నట్టుంది. ‘వె’ ఉంది. దాని తర్వాత ఏదో ఉంది. చివర ‘రా’ ఉందో లేదో ఎంత కళ్ళు చికిలించినా కనబడలేదు. దేశాన్ని కాపాడటానికి పంపిస్తూ మనిషి కళ్ళజోడు డిపాజిట్ కింద ఉంచుకున్న డిపార్ట్‌మెంట్‌ని ఆయన మనసులో తిట్టని తిట్టు లేదు.

కేబుల్ మీద వేళ్ళు బిగుసుకున్నాయి.

నెమలి చేతులు దులుపుకుని లేచింది. కోటు కింది చెయ్యి ఆమెని తలుపువైపు తోస్తోంది. రెండడుగులు వేసి వెనక్కి తిరిగింది.

“నా పని అయింది మైకు బాబూ,” అంది, ఎవరితోనైనా అన్నట్టే. “వెళ్ళొస్తా.”

నిఘంటువు ఆ మాట విన్నాడు. వాడికందులో ఏమీ తోచలేదు.

ముక్కోపికి మాత్రం చెవిలో గంట కొట్టినట్టయింది. ఈ పిల్ల నోట ఆ మాట ఏనాడూ రాలేదు. రావద్దని చెప్పింది తనే.

ఆయన కేబుల్ మీంచి చెయ్యి తీసేశాడు.

గోడమీద పటంలో బల్బులన్నీ ఒక్కసారిగా పచ్చబడ్డాయి. హాలంతా చప్పట్లు. అలంకారమనుకున్నారు. నిఘంటువు పెదవుల మీద చిరునవ్వు మొలిచింది. ఆ పచ్చచుక్కల్లో ఏదో ఒక చుక్క దగ్గర ఒక బండి, బండిలో కిటికీ పక్కన తన మీద అలిగి కూర్చున్న మనిషి. ముక్కోపి జీవితంలో దేనికోసమూ ఆగి ఎరగడు. లిఫ్టు ఆలస్యమైతే మెట్లెక్కేవాడు, బస్సు రాకపోతే నడిచేవాడు. ఇప్పుడు చెయ్యవలసిన పని ఒకటే, ఏమీ చెయ్యకుండా కూర్చోవడం. ఇంత కష్టమైన పని ఆయనకి ఎవరూ ఎప్పుడూ అప్పగించలేదు. భయమేసింది. రెండుసార్లు చెయ్యి కేబుల్ దాకా వెళ్ళింది. రెండుసార్లూ వెనక్కి లాక్కున్నాడు.

పటం మూల ఒక బల్బు ఎర్రబడింది. పక్కన ఇంకొకటి. ఆ తర్వాత గలగలా అన్నీ ఎక్కడివక్కడ సర్దుకున్నాయి. లెక్కలమ్మ ప్రోగ్రామ్ తను ఆగిన చోటికే తిరిగొచ్చి, ఏమీ జరగనట్టు తన పని తను చేసుకోసాగింది. టెలిప్రింటర్ ఆవిడ పేరు కూడా కొట్టింది. నిఘంటువు మంత్రిగారికిచ్చిన మాట కూడా నెమలి నిలబెట్టింది.

నిఘంటువు వేదిక పక్క తలుపు దగ్గర వెనక్కి తిరిగి చూశాడు. చిరునవ్వు చెదిరింది. ఓవర్‌కోటు కిందికి జారి పిస్టల్ బయటపడింది. పొద్దున్నుంచి పేరుకున్న కోపమంతా ఒక చోట చేర్చి ముక్కోపి మైకు వైరు లాగాడు. అది నిఘంటువు చీలమండలకి చుట్టుకుంది. ఆరడుగుల మనిషి డైరెక్టర్‌గారి పటం మీద బోర్లా పడ్డాడు. పిస్టల్ ఒకవైపు, దండ ఒకవైపు. గార్డులు పరుగెత్తుకొచ్చేసరికి నెమలి తలుపు దగ్గర లేదు.

“ఇది ఎట్లు?” అన్నాడు నిఘంటువు నేలమీంచే. “‘వెళ్ళిరా’ అనగా వీడ్కోలు సమయమున ‘వెళ్ళుము’ అనుటకు మర్యాదరూపమని స్పష్టముగా వ్రాసియున్నది. పరీక్షించితిని కూడ. పచ్చదీపములు వెలిగినవి.”

“తర్వాత?”

“తర్వాత ఆమె స్విచ్చి కట్టివేసినది.”

“అదీ సంగతి, తిరిగి ఎర్రబడకముందే కట్టేసింది,” అన్నాడు ముక్కోపి. “మర్యాద కోసం అనే మాట కాదయ్యా అది. రమ్మని అనే మాట.”

నిఘంటువుని పక్క తలుపులోంచి తీసుకెళ్ళారు. మంత్రిగారు నిమ్మకు నీరెత్తినట్టు మైకు ముందు గొంతు సవరించుకున్నారు. “చిన్న అంతరాయానికి క్షమించాలి. డైరెక్టర్‌గారి మేధస్సు ఈ దేశానికి...” అంటుండగా మైకు మూగబోయింది. మైకు మెకానిక్ స్టాండుతో సహా దాన్ని మూడో వరసకి మోసుకుపోతున్నాడు.

“మాట్లాడండి డాక్టరుగారూ.”

పెద్దావిడ లేచింది. రైలు పటం వంక చూసింది, నేలమీద పడున్న పిస్టల్ వంక చూసింది, మనసులో ఏదో లెక్క కూడుకుంది. “మా అక్క మిషన్‌కి తిరిగి రావడం నేర్పింది,” అంది. “అది చేసింది అక్క. సహాయకురాలు కాదు. ఆ రేకు మార్పించండి.” అంతే చెప్పి కూర్చుంది. హాల్లో ఈసారి చప్పట్లు ఆలస్యంగా మొదలై చాలాసేపు ఆగలేదు.

సాయంత్రం చీఫ్ రిపోర్టు చదివి వినిపించాడు. కుట్ర అన్న మాట అందులో లేదు. స్వల్ప విద్యుత్ అంతరాయం, సకాలంలో సరిచేసిన విద్యుత్ శాఖకి మంత్రిగారి అభినందనలు.

“విద్యుత్ శాఖా?” అన్నాడు ముక్కోపి.

“టాప్ సీక్రెట్ కదా బావగారూ. నెమలి ఏది?”

“వెళ్ళొస్తానంది.”

“అంటే?”

“అంటే వస్తుంది.”

ఇంటికి చేరేసరికి భార్య హాల్లో బ్యాగు పక్కనే కూర్చుని ఉంది. బండి మధ్యదారిలో ఆగిపోయిందట. సిగ్నల్ పచ్చబడిందట, ఎర్రబడిందట, డ్రైవరు కళ్ళు నులుముకుని దిగి కూర్చున్నాడట, విసుగెత్తి తిరుగు బండెక్కేసిందట. “మీ గవర్నమెంటులో ఒక్కటీ సరిగ్గా పనిచెయ్యదు కదా,” అంది. ముక్కోపి చాలా చెప్పాలనుకుని, టాప్ సీక్రెట్ గుర్తొచ్చి, “అవును,” అన్నాడు.

మర్నాడు పొద్దున్నే చీఫ్ ఫోన్ చేశాడు. కొత్త అసైన్‌మెంట్, కొత్త కోడ్. ముక్కోపి కోటు తొడుక్కుని, తన సొంత కళ్ళజోడు పెట్టుకుని, గుమ్మం దగ్గర ఆగాడు.

“వెళ్ళొస్తా,” అన్నాడు.

లోపల్నుంచి భార్య గబగబా వచ్చి ఆయన నుదుటిమీద చెయ్యేసి చూసింది.

“జ్వరమేమీ లేదే,” అంది అనుమానంగా.